అద్దం పగిలింది, పగలగొట్టిందెవరు?

కిందటేడు మా హాస్టల్లో రెండో అంతస్తు వాష్ బేసిన్ దగ్గరున్న అద్దం పగిలింది. హాస్టళ్ళలో ఇది పెద్ద వింతేమీ కాదు. కానీ ఈసారి విచారణ జరిగింది. ఆ వరసలో గదులున్న పన్నెండుమందీ తలా ఒక కాగితం మీద జరిగిన సంగతి రాసి, సంతకం పెట్టి ఇవ్వాలన్నారు. ఇచ్చాం. తరవాత ఆ కాగితాలు రెండు రోజులపాటు మా రెప్రజెంటేటివ్ బల్లమీద పడి ఉంటే తీరిగ్గా కూర్చుని అన్నీ చదివాను. పదిమంది రాసింది ఒకటే వాక్యం: "అద్దం పగిలింది." ఒకడు మరీ జాగ్రత్తపరుడు. "నేను చూసేసరికే అద్దం పగిలి ఉంది" అని రాశాడు. పన్నెండోవాడు బి.ఎస్సీ. రెండో సంవత్సరం కుర్రాడు. అతను మాత్రం ఇలా రాశాడు: "మొహం కడుక్కుంటుంటే అద్దానికి నా మోచెయ్యి తగిలింది. అద్దం పగిలింది."

జరిమానా మొత్తం ఆ కుర్రాడే కట్టాడు.

ఆ పన్నెండు కాగితాల్లో ఒక్క అబద్ధమైనా లేదు. నేను ఆ పదిమందిలో ఒకణ్ణి. నా సంగతి చివర చెబుతాను. ఆ రోజుల్లోనే నేను వాక్యనిర్మాణం పేపరుకి చదువుతున్నాను. క్రియకూ, దాని చుట్టూ చేరే నామాలకూ ఉన్న సంబంధం అందులో ఒక పెద్ద అధ్యాయం. పుస్తకంలో ఉన్నదంతా ఆ కాగితాల్లో కనిపించింది. ఈ సంచికకు ఏదైనా రాయమంటే ఇదే రాయాలనిపించింది. వ్యాకరణమనగానే పేజీ తిప్పెయ్యకండి. సూత్రాలు బట్టీ పట్టించనని హామీ ఇస్తున్నాను.

బళ్ళో మనకు చెప్పింది ఏమిటి? పని చేసేవాడు కర్త, ఆ పని ఎవరిమీద పడితే వాడు కర్మ, పనిని తెలిపేది క్రియ. ఉదాహరణ కూడా ఒక్కటే: రాముడు రావణుని చంపెను. మూడో తరగతి నుంచీ మనం రావణుణ్ణి చంపుతూనే ఉన్నాం. సరే, "రావణుడు చచ్చెను" అంటే? ఇక్కడ కర్త రావణుడే కదా. మరి ఆయన చేసిన పనేమిటి? చావడం ఒకరు చేసే పనా, ఒకరికి జరిగే సంగతా? ఈ ప్రశ్న బళ్ళో అడిగితే బెంచీ ఎక్కించేవారు.

భాషాశాస్త్రంలో ఈ సంగతిని క్రియ వైపు నుంచి చూస్తారు. ప్రతి క్రియా తన వాక్యంలోకి ఎంతమంది రావాలో, ఏ హోదాలో రావాలో ముందే నిర్ణయించుకుని ఉంటుంది. పెళ్ళిలో బంతి వేసేటప్పుడు విస్తళ్ళు లెక్కపెట్టి వేసినట్టన్నమాట. "నవ్వు" అనే క్రియ ఒక విస్తరి వేస్తుంది, నవ్వేవాడు చాలు. "తిను" రెండు వేస్తుంది. "ఇచ్చు" మూడు: ఇచ్చేవాడు, ఇచ్చే వస్తువు, పుచ్చుకునేవాడు. ఫ్రెంచి భాషావేత్త లూసియెన్ తెనియేర్ (1893-1954) దీన్ని రసాయనశాస్త్రంలోని సంయోజకతతో పోల్చాడు. పరమాణువుకు ఇన్ని పరమాణువుల్ని పట్టుకునే శక్తి ఉన్నట్టే క్రియకూ ఇన్ని నామాల్ని పట్టుకునే శక్తి ఉందన్నాడు. ఆయన పెద్ద పుస్తకం ఆయన పోయిన తరవాత 1959లో అచ్చయింది. అందులోనే వాక్యాన్ని చిన్న నాటకంగా కూడా పోల్చాడు. క్రియ కథ, నామాలు పాత్రలు, ఎప్పుడు ఎక్కడ అన్నవి రంగస్థలం సామగ్రి.

అసలు విస్తరే వెయ్యని క్రియలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు వాన పడుతోందనడానికి "ఇట్ రెయిన్స్" అంటారు. ఆ "ఇట్" ఎవరని అడిగితే చెప్పలేరు. ఖాళీ కుర్చీ కనిపించకుండా ఒక బొమ్మను కూర్చోబెట్టారు. మనకా అవసరం లేదు. "తెల్లారింది" అంటాం. నిండు వాక్యం. ఏది తెల్లారింది, ఎవరు తెల్లారారు అని ఎవరూ అడగరు.

అయితే తెలుగులో ఒక చిక్కుంది. మనం నామాల్ని ధారాళంగా వదిలేస్తాం. "ఇచ్చావా?" "ఇచ్చేశాను." ఇందులో ఒక్క నామం లేదు. అలాగని "ఇచ్చు" విస్తళ్ళు వెయ్యలేదా? వేసింది. పక్కన కూర్చుని వింటున్న మూడోవాడు చటుక్కున అడుగుతాడు, "ఏమిటి? ఎవరికి?" అని. "నవ్వాను" అంటే మటుకు "దేన్ని?" అని అడగడు. చెప్పకుండా వదిలేసినవాడు వేరు, అసలు పిలవనివాడు వేరు. ఈ తేడా పట్టుకోవడానికి ఆ మూడోవాడి ప్రశ్నే మంచి పరీక్ష.

తెనియేర్ చెప్పినట్టు స్థలమూ కాలమూ ఎప్పుడూ పిలవని పేరంటాలే అనుకోవడానికీ వీల్లేదు. "పుస్తకం చదివాను" అంటే వాక్యం పూర్తయింది. ఎక్కడ చదివావన్నది అదనం. "పుస్తకం పెట్టాను" అనండి. వినేవాడు తక్కినదానికోసం ఎదురుచూస్తాడు. బల్లమీదో, సంచిలోనో చెప్పేదాకా వాక్యం కుంటుతూనే ఉంటుంది. అంటే స్థలం చుట్టమా, దారిన పోయేవాడా అన్నది స్థలాన్ని బట్టి కాదు, క్రియను బట్టి తేలుతుంది.

ఇక హోదాల మాట. ఈ విషయంలో అందరికన్నా ముందు పాణిని. క్రియ సిద్ధించడానికి ఏదో ఒక విధంగా తోడ్పడేవాటికి కారకాలని పేరుపెట్టి ఆరింటిని చెప్పాడు: కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. "రాముడి ఇల్లు" అన్నప్పటి షష్ఠి ఇందులో లేదు. ఎందుకంటే అది నామానికీ నామానికీ మధ్య సంబంధం, క్రియతో దానికి పనిలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) కారక పరిచ్ఛేదం మనలో చాలామంది చదివే ఉంటారు. నాకు నచ్చిన సంగతేమిటంటే, పాణిని కర్త అంటే చేతులూ కాళ్ళూ ఉండి పని చేసేవాడని అనలేదు. ఆ క్రియ విషయంలో స్వతంత్రంగా నిలిచేది ఏదైనా కర్తే. పతంజలి మహాభాష్యంలో దీనిమీద వంటింటి చర్చ ఒకటుంది. వంట జరగాలంటే కుండకూ పని ఉంది, కట్టెలకూ పని ఉంది. కుండ పట్టి ఉంచుతుంది, కట్టెలు మండుతాయి. చెప్పేవాడు కుండ పనినే ప్రధానంగా చెప్పదలిస్తే కుండే కర్త అవుతుంది. అంటే కర్తృత్వం లోకంలో ఉన్నదే కాదు, చెప్పేవాడి ఇష్టంలో కూడా ఉంది. పాణిని ఇంకో మెట్టు వెళ్ళాడు. కట్టెను ఎవరో చీలుస్తున్నారు. కానీ "కట్టె తానే చీలుతోంది" అని కూడా అంటాం. కర్మగా ఉండవలసినదాన్ని కర్తగా చూపిస్తున్నామన్నమాట. దీనికి కర్మకర్తరి అని పేరు, ప్రత్యేకమైన విధి కూడా ఉంది.

"అద్దం పగిలింది" సరిగ్గా ఇదే. అయితే సంస్కృతానికీ మనకూ ఒక తేడా. మన దగ్గర ఇందుకోసం జంట క్రియలున్నాయి. విరుగు-విరుచు, తెగు-తెంచు, మునుగు-ముంచు, వంగు-వంచు, కాలు-కాల్చు, మారు-మార్చు, తిరుగు-తిప్పు, దిగు-దించు. మొదటిదానికి ఒకటే విస్తరి. జరిగినది ఎవరికి జరిగిందో వాళ్ళది. రెండోది చుకారమో పుకారమో తగిలించుకుని ఇంకో విస్తరి వేస్తుంది, చేసినవాడికి. ఇంగ్లీషులో "బ్రేక్" అన్న ఒక్క మాటే రెండుచోట్లా నడుస్తుంది. కొన్నిచోట్ల మనదీ ఎదురు దారి: "తలుపు తెరిచాను" అనే రెండు విస్తళ్ళ క్రియకు "కొను" చేర్చి "తలుపు తెరుచుకుంది" అని ఒకదాన్ని ఎత్తేస్తాం. జర్మన్ భాషావేత్త మార్టిన్ హాస్పెల్మాత్ 1993లో 21 భాషల్లో 31 క్రియల జంటల్ని పోల్చి ఒక మాట చెప్పాడు. నీళ్ళు మరగడం, మంచు గడ్డకట్టడం లాంటి వాటంతటవే జరిగే పనుల్లో "చేయించే" రూపానికి అదనపు ప్రత్యయం పడుతుంది. మూయడం, తెరవడం లాంటి మనిషి చెయ్యి కావలసిన పనుల్లో "తనంతట జరిగే" రూపానికి పడుతుంది, స్థూలంగా. మన తెరుచుకొనడం, మూసుకొనడం ఆ లెక్కకు చక్కగా సరిపోతాయి.

అన్ని క్రియలకూ ఈ సౌకర్యం లేదు. "చెట్టు నరికాను" అంటాం. చెట్టును కర్తను చేసి "చెట్టు నరికింది" అంటే చెట్టు చేతికి గొడ్డలి ఇచ్చినట్టవుతుంది. "నరుకు" అన్న మాటలో గొడ్డలి ఉంది, వేటు ఉంది, వేసే చెయ్యి ఉంది. ఆ చేతిని తీసేస్తే మాటే మిగలదు. "పగులు"లో ఇవేవీ లేవు. ముందు ఒకటిగా ఉన్నది తరవాత ముక్కలైంది, అంతే. ఎండకైనా పగలవచ్చు, బంతికైనా పగలవచ్చు.

ఈ తేడాను తేటగా చెప్పినవాడు అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫిల్మోర్ (1929-2014). ఆయన 1968లో రాసిన వ్యాసంలో వాక్యాల అడుగున ఆరు పాత్రలు చూపించాడు. ఆరనగానే పాణినితో ముడిపెట్టి, అంతా మనవాళ్ళు ముందే చెప్పేశారని ఛాతీ విరుచుకోవద్దు. రెండు జాబితాలూ ఒకటి కావు, వాటి ఉద్దేశాలూ ఒకటి కావు. 1970లో ఆయన ఇంకో వ్యాసం కొట్టడం, పగలగొట్టడం అనే రెండు క్రియలమీదే రాశాడు. తెలుగులో పరీక్షించి చూడండి. "అద్దాన్ని కొట్టాను, పగల్లేదు." నిక్షేపంలా ఉంది. "అద్దాన్ని పగలగొట్టాను, పగల్లేదు." ఇది చెల్లదు. "వాణ్ణి కాలిమీద కొట్టాను" అనవచ్చు. "వాణ్ణి కాలిమీద విరగ్గొట్టాను" అనలేం. "వాడి కాలు విరగ్గొట్టాను" అనాలి. కొట్టడం తాకిడిని చెబుతుంది, విరగ్గొట్టడం ఫలితాన్ని చెబుతుంది.

మన భాషలో వింత ఏమిటంటే ఫిల్మోర్ విడదీసిన ఆ రెండు క్రియలూ ఒకే మాటలో కూర్చున్నాయి: పగల, కొట్టు. మొదటి ముక్క ఫలితం, రెండో ముక్క దెబ్బ. పడగొట్టు, విరగ్గొట్టు అలా వచ్చినవే. తరవాత్తరవాత ఆ "కొట్టు"లో దెబ్బ కాస్తా పోయి, "ఎవరో చేశారు" అన్న అర్థం మాత్రం మిగిలింది. "పని చెడగొట్టాడు" అన్నప్పుడు ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. మనం క్లాసు ఎగ్గొట్టినప్పుడూ అంతే, క్లాసుకేమీ దెబ్బ తగలదు. పరీక్షలో కాపీ కొట్టడం గురించి వేరే వ్యాసం రాయాలి.

ఈ ఒక విస్తరి క్రియలు కూడా అన్నీ ఒక జాతివి కావని 1978లో డేవిడ్ పెర్ల్‌మట్టర్ అన్నాడు. నవ్వు, పరుగెత్తు ఒక జాతి. పగులు, మునుగు, ఎండు ఇంకో జాతి. మొదటివాటిలో ఉన్న ఒక్కడూ చేసేవాడు, రెండోవాటిలో ఉన్న ఒక్కడూ అనుభవించేవాడు. తెలుగులో దీనికి నేను వాడే కొలబద్ద "కావాలని" అనే మాట. "వాడు కావాలని నవ్వాడు" సరిపోయింది. "అద్దం కావాలని పగిలింది" నవ్వొస్తుంది. బళ్ళో బెంచీ ఎక్కించిన ప్రశ్నకూ ఇక్కడ సగం జవాబుంది. "రావణుడు కావాలని చచ్చాడు" అనలేం.

ఇదే కొలబద్ద పట్టుకుని "నాకు" వాక్యాల దగ్గరికి రండి. నాకు ఆకలేస్తోంది, నాకు కోపం వచ్చింది, నాకు తెలుసు, నాకు నువ్వు నచ్చావు. వీటిలో కర్త ఎవరు? క్రియ చివరి ప్రత్యయాన్ని అడిగితే "నచ్చావు" కాబట్టి నువ్వే అంటుంది. కానీ "తన" అనే మాటను అడగండి. "రవికి సుధ తన పుస్తకం ఇచ్చింది." పుస్తకం సుధది. "రవికి తన ఊరు గుర్తొచ్చింది." ఊరు రవిది. రెండుచోట్లా "రవికి" ఒకటే, విభక్తి ఒకటే. కానీ మొదటి రవి పుచ్చుకునేవాడు, రెండో రవి ఇంచుమించు కర్త పీటమీద కూర్చున్నాడు. ఇలాంటి నిర్మాణం ద్రావిడ భాషల్లోనే కాదు, హిందీ, మరాఠీ, బెంగాలీల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. భారతదేశం ఒక భాషామండలమని ఎమెనో 1956లో చెప్పాడు. ఆ వాదాన్ని బలపరిచే లక్షణాల్లో దీన్నీ ఒకటిగా తరవాతివాళ్ళు లెక్కవేశారు. మన కారకాల పద్ధతినే కంప్యూటరుకు నేర్పాలని కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కొనసాగిన "అక్షర భారతి" బృందం కూడా ఈ "నాకు" దగ్గర ఆగవలసి వచ్చింది. కర్తకు కె1, కర్మకు కె2, సంప్రదానానికి కె4 అని గుర్తులు పెట్టుకున్నవాళ్ళు దీనికోసం కె4ఎ అని వేరే గుర్తు పెట్టి, అనుభవకర్త అన్నారు. మంచి పేరు.

"నాకు కోపం వచ్చింది", "నేను కోప్పడ్డాను". ఈ రెండింటి మధ్యా ఉన్న దూరం చూడండి. మొదటిదానిలో కోపం ఎక్కణ్ణించో వచ్చింది, నేను ఇంట్లో ఉన్నాను, అంతే. కావాలని వచ్చింది అనలేం. ఎదుటివాణ్ణి "కోపం రావద్దు" అని ఆజ్ఞాపించనూ లేం. అందుకే బతిమాలేటప్పుడు క్రియ మార్చేస్తాం: "కోపం తెచ్చుకోకు" అంటాం. రావడం కాస్తా తెచ్చుకోవడమయింది. అప్పుడు బాధ్యత అతనిది. ఇంట్లో అమ్మకు ఇది ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు.

ఇక చేసినవాణ్ణి చెప్పకుండా దాటేసే దారులు. ఒక దారి "బడు". అద్దం పగలగొట్టబడింది, నిర్ణయం తీసుకోబడినది. ఆఫీసు కాగితాల్లో తప్ప మన నోళ్ళలో ఇది ఆడదు. మనకు సహజమైన దారి వేరు: "అద్దం పగలగొట్టారు." ఎవరు? ఎవరో. రోడ్డు వేశారు, సినిమా మార్చారు అన్నట్టే. ఈ రెండూ పేరు దాచినా మనిషి ఉన్నాడని ఒప్పుకుంటాయి. "పగిలింది" ఆ మాత్రమూ ఒప్పుకోదు. "అద్దం దానంతటదే పగిలింది" అనవచ్చు. "దానంతటదే పగలగొట్టారు" అనలేం. "కరెంటు పోయింది" అనేవాడికీ "కరెంటు తీసేశారు" అనేవాడికీ ఉన్న తేడా మీకు వేసవిలో అనుభవమే. పేపర్లో "గోడ కూలి కూలీలు మరణించారు" అని చదివినప్పుడు, కూలు, మరణించు అనే రెండు క్రియలూ ఒక్కొక్క విస్తరే వేశాయని గమనించండి. కట్టినవాడికీ కట్టించినవాడికీ అక్కడ చోటు లేదు. ఎవరూ వాళ్ళ పేర్లు కొట్టెయ్యలేదు. ఆ క్రియలు వాళ్ళని పిలవనే లేదు.

పాత్రలు మొత్తం ఎన్ని అన్నది మాత్రం పండితులకే తెగలేదు. జాబితాలు పెరుగుతూ పోతుంటే విసుగుపుట్టి కాబోలు, డేవిడ్ డౌటీ 1991లో ఇన్ని వద్దు, కర్తృ లక్షణాల మూట ఒకటి, కర్మ లక్షణాల మూట ఒకటి చాలన్నాడు. ఏ నామం దగ్గర ఏ మూట బరువైతే అది ఆ స్థానంలోకి పోతుంది. ఇచ్ఛ ఉండడం, కదలడం, మార్పు కలిగించడం మొదటి మూటలోవి. మార్పు పొందడం, ఇంకొకరి వల్ల ప్రభావితం కావడం రెండోదానిలోవి. నన్నడిగితే ఇది పరీక్షకు సులువు, వాదనకు కష్టం. ఇచ్ఛ లేకపోయినా కర్త కావచ్చుననే సౌకర్యం మాత్రం ఇందులో బాగుంది. "పొరపాటున పగలగొట్టాను" అంటాం కదా. ఈ క్రియకు కావలసింది చేసినవాడే. వాడు కావాలని చేశాడా లేదా అన్నది దానికి పట్టదు.

మళ్ళీ ఆ కుర్రాడి కాగితం. "తగులు" ఎలాంటి క్రియో చూడండి. రెండు వస్తువులు తాకాయని మాత్రం చెబుతుంది. పగలడం గురించి దానికేమీ తెలియదు. "కావాలని తగిలింది" అనలేం. మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య అతను చుక్క పెట్టాడు. "అందువల్ల" అన్నది చదివినవాళ్ళు చేర్చుకున్నారు. పన్నెండు కాగితాల్లోకీ అతని వాక్యంలోనే మనిషి ఉన్నాడు, అదీ ఒక మోచెయ్యిగా. దొరికిన మనిషిని పట్టుకున్నారు.

నా సంగతి చెబుతానన్నాను. ముందురోజు రాత్రి స్నానం చేసి వస్తూ, తడి తువ్వాలు దులపబోయి అద్దాన్ని కొట్టాను. మేకుమీద ఊగి గోడకు కొట్టుకుంది. కింది మూల బీట వారింది. రాత్రి ఎవరూ చూడలేదు. పొద్దున్న ఆ కుర్రాడి మోచెయ్యి తగిలింది, బీట పైదాకా పాకింది. నేను కాగితంమీద "అద్దం పగిలింది" అని రాసి సంతకం పెట్టాను. అందులో నేను లేను.

పరీక్షలయ్యాక, జరిమానా డబ్బు పట్టుకుని అతని గదికి వెళ్ళాను. "ఏమిటన్నా ఇది?" అన్నాడు. "ఆ అద్దం..." అని ఆగాను. తెలుగులో క్రియ చివర వస్తుంది. ప్రాణం లేని వస్తువుకు ద్వితీయా విభక్తి పెట్టకపోయినా చెల్లుతుంది. కాబట్టి అక్కడిదాకా ఏ క్రియకైనా తలుపు తెరిచే ఉంది. ముందురోజు రాత్రే బీట వారిందని చెప్పి దాటేసినా వాక్యం తప్పు కాదు.

"నేనే పగలగొట్టాను" అన్నాను.